బడిలో ఒక రోజు: ఎనిమిది వందల గంటల లెక్క

విద్యాహక్కు చట్టం చివర ఒక చిన్న అనుబంధ పట్టిక ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని అందులో రాశారు. భాగిస్తే రోజుకు నాలుగు గంటలు. ప్రాథమిక విద్య మీద మన దగ్గర జరిగే వాదాల్లో ఈ నాలుగు గంటల ఊసు అరుదుగా వస్తుంది. మాధ్యమం గురించి వాదించుకుంటాం, పాఠ్యపుస్తకాలు మారుస్తాం, పరీక్షలు ఉండాలా వద్దా అని తర్జనభర్జన పడతాం. అవన్నీ అవసరమైన చర్చలే. అయితే రెండో తరగతి పాపకు చివరికి చదువుగా అందేది టీచరు తనతో, తనకు అర్థమయ్యే చోట నిలబడి గడిపిన సమయమే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో రోజు ఎలా సాగుతోంది, అందులో ఇమడాల్సిన పాఠ్యప్రణాళిక ఏమిటి, ఈ రెంటికీ పొత్తు కుదర్చడానికి ఇన్నేళ్లలో ఏమేం ప్రయత్నాలు జరిగాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. కొత్త పుస్తకం రాయడానికి ముందు బడి రోజును సరిచేసుకోవాలన్నది నా వాదన. ప్రణాళిక ఎంత గొప్పదైనా, రోజులో దానికి చోటు లేకపోతే పిల్లల దాకా రాదు.

వీధి బడి నుంచి పీరియడ్ల బడికి

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని దేశీయ పాఠశాలల గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన క్యాంప్‌బెల్ ఇతనే. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది. అతను లెక్కపెట్టిన 533 బడుల్లో తెలుగు బడులూ కన్నడ బడులూ ఉన్నాయి. వాటిలో రోజు ఎలా గడిచేదో అతను వివరంగా రాశాడు. బడి ఉదయం ఆరింటికి మొదలయ్యేది. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా చుట్టేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పెరిగేవి. చిన్నవాళ్లు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. చదువులో ముందున్న పిల్లలు వెనకున్న వాళ్లకు నేర్పేవారు, పెద్ద పిల్లల పాఠాన్ని పంతులు స్వయంగా చూసుకునేవాడు.

ఆ బడిని ఆదర్శంగా చూపించలేం. దెబ్బలున్నాయి. ఆడపిల్లలకూ, అనేక కులాల పిల్లలకూ అందులో చోటు దాదాపు లేదు. పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేయిస్తున్నారని క్యాంప్‌బెలే విమర్శించాడు. కానీ పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. అంతకు ముందే మద్రాసు అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ తీరు బోధనను ప్రయోగించాడు. ‘మద్రాసు పద్ధతి’గా అది ఇంగ్లండులో కూడా వ్యాపించింది. దేశీయ బడులు ఒకే పంతులు, వేర్వేరు స్థాయుల పిల్లలు అన్న వాస్తవాన్ని ఒప్పుకుని, దానికి తగ్గట్టు రోజును పేర్చుకున్నాయి. ఇందులో మనం గమనించాల్సింది అదే.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో పరీక్షా ఫలితాలను బట్టి బడికి గ్రాంటు ఇచ్చే విధానం వచ్చింది. తరగతికో సిలబస్, తరగతికో పరీక్ష, సబ్జెక్టుకో పీరియడ్ అన్న చట్రం క్రమంగా బిగుసుకుంది. ఇవాళ మన హెడ్మాస్టరు గదిలో గోడకు వేలాడే టైం టేబుల్ ఆ చట్రానికి వారసురాలు. తరగతికో టీచరు ఉంటాడన్న ఊహ మీద అది నిలబడి ఉంది. మన పల్లె బడి మాత్రం నేటికీ ఆ ఊహకు సరిపడేంతగా మారలేదు.

ఇవాళ్టి రోజు

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుచుకుంటాయి. ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య మొదటి గంట. తర్వాత ప్రార్థన సమావేశం. ఆంధ్రప్రదేశ్‌లో ‘మా తెలుగు తల్లికి’, తెలంగాణలో 2024 నుంచి రాష్ట్ర గీతమైన అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ వినిపిస్తాయి. దేశమంతటా పిల్లలు చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను 1962లో తెలుగులోనే రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. వార్త చదవడం, సామెత చెప్పడం, పుట్టినరోజు పిల్లకు చప్పట్లు కొట్టడం కూడా ఇక్కడే జరుగుతాయి. పది మంది ముందు నిలబడి గొంతు విప్పే మొదటి అవకాశం చాలామంది పిల్లలకు ఈ పావుగంటలోనే దొరుకుతుంది. దీన్ని మొక్కుబడి తంతుగా మార్చుకుంటే నష్టపోయేది మనమే.

ఆ తర్వాత హాజరు. ఒకప్పుడు రిజిస్టరులో రెండు నిమిషాల పని. ఇప్పుడు పిల్లల హాజరు ఒక యాప్‌లో, టీచరు ముఖ హాజరు మరో దాంట్లో, భోజనం చేసేవారి లెక్క ఇంకో చోట నమోదు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక దశలో మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే పని కూడా టీచర్ల మీదే పడింది. సిగ్నల్ అందని గూడెంలో ఈ పని ముగిసేసరికి మొదటి పీరియడ్ సగం గడిచిపోతుంది. పిల్లల మనసు తాజాగా ఉండే సమయం కూడా అదే.

మధ్యాహ్న భోజనాన్ని మాత్రం పోయిన సమయం కింద రాయకూడదు. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాక ఇది దేశవ్యాప్తంగా పిల్లల హక్కుగా స్థిరపడింది. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది ప్రమాణం. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో రాగి జావ మొదలైంది. అదే ఏడాది అక్టోబర్‌లో తెలంగాణ అల్పాహార పథకాన్ని ప్రారంభించింది. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు మొదటి పీరియడ్ ఎక్కదన్న సంగతి ప్రతి టీచరుకూ తెలుసు. చేతులు కడుక్కోవడం, వరుసలో నిలబడటం, పక్కవాడి కులం అడగకుండా పక్కన కూర్చుని తినడం కూడా పాఠాలే. అయితే బియ్యం కొలవడం, కోడిగుడ్లు లెక్కపెట్టడం, బిల్లులు రాయడం టీచరు పనులుగా ఉన్నంతకాలం ఆ పాఠానికి ధర వేరే పాఠం నుంచే చెల్లిస్తాం.

మధ్యాహ్నం పూట పీరియడ్లు మందగిస్తాయి. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి, ఏప్రిల్ నాలుగో వారంలో బడి మూతపడుతుంది. అంటే ఏడాది చివరి అయిదారు వారాలు రోజు కుదించుకుపోతుంది, పరీక్షలు కూడా అప్పుడే. నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల పేరుతో ఏడాదిలో పలుమార్లు పరీక్ష పత్రాలు దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం ఉంటుంది. పిల్లలను రోజూ గమనిస్తూ నేర్పాలని పెట్టిన నిరంతర మూల్యాంకనం చాలా బడుల్లో ఏడాదికి కొన్నిసార్లు జరిగే రాతపనిగా మారింది.

ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు

అసలు లెక్క ఇక్కడుంది. చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 200 దాకా అయిదుగురు. పిల్లలు ప్రైవేటు బడులకు తరలిపోయిన ఊళ్లలో మొదటి వరుస బడులే ఎక్కువ. ముప్పై మందికి ఒక టీచరు అంటే వినడానికి బాగుంటుంది. ఆ ముప్పై మంది రెండు మూడు తరగతుల పిల్లలైతే దాని అర్థం వేరు.

ఇద్దరు టీచర్లు రోజుకు నాలుగేసి గంటలు, ఒక్క నిమిషం వృథా చేయకుండా బోధించారనుకుందాం. ఇద్దరివీ కలిపి 480 నిమిషాలు. అయిదు తరగతులకు పంచితే తరగతికి 96 నిమిషాలు. మూడో తరగతి నుంచి నాలుగు సబ్జెక్టులు కాబట్టి సబ్జెక్టుకు 24 నిమిషాలు. ఏడాదికి చూస్తే చట్టం చెప్పిన 800 గంటల్లో ఒక తరగతికి టీచరు నేరుగా ఇవ్వగలిగింది 320 గంటలు. ఒకరు శిక్షణకో, సెలవు మీదో, కాంప్లెక్స్ సమావేశానికో వెళ్లిన రోజున తరగతికి దక్కేది 48 నిమిషాలు. చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదని చెప్పింది. ఎన్నికల పని అంటే పోలింగు రోజు ఒక్కటే కాదు, ఓటర్ల జాబితాల సవరణ కూడా. దానికి నెలలు పడుతుంది.

టీచరు ఎంత కష్టపడినా ఈ గుణకార భాగహారాలు మారవు. చదువు రాకపోవడానికి టీచర్ల బద్ధకమే కారణమని తేల్చేసేవాళ్లు ముందు ఈ లెక్క చూడాలి. ఇద్దరు టీచర్లు రెండు తరగతులకు చెబుతుంటే మిగిలిన మూడు తరగతులు ఆ సమయంలో ఏం చేస్తున్నాయన్నదే మన ప్రాథమిక విద్య ఎదుర్కొంటున్న అతిపెద్ద ప్రశ్న. ఎక్కువ చోట్ల జవాబు ఒకటే: చూచిరాత.

పాఠ్యప్రణాళిక ఏం కోరుతోంది

ఒకటి, రెండు తరగతులకు తెలుగు, గణితం, ఇంగ్లిషు. మూడు నుంచి పరిసరాల విజ్ఞానం కలుస్తుంది. వీటితోపాటు ఆటలు, బొమ్మలు, పాటలు, ఆరోగ్యం. జాబితా చిన్నదే, లోతు తక్కువేం కాదు. తెలుగు చదవడమే తీసుకుందాం. అచ్చులు, హల్లులు గుర్తుపట్టడంతో పని అయిపోదు. ‘కి’లో ఉన్న గుడి ‘యి’లో మరో తీరుగా ఉంటుంది. ‘కొ’లో కనిపించిన రూపం ‘మొ’లో కనిపించదు. ‘పు’, ‘వు’లలో కొమ్ము చోటు మార్చుకుంటుంది. త, న, మ, య, ర, ల వత్తులకు వాటి అసలు అక్షరాలతో పోలికే ఉండదు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలో పిల్లలు చదవడం నేర్చుకునే తీరుపై సొనాలీ నాగ్ చేసిన పరిశోధన, అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో తరగతి దాకా పట్టవచ్చని చూపింది. రెండో తరగతి వాచకం మాత్రం వత్తులన్నీ వచ్చేశాయన్న నమ్మకంతో సాగిపోతుంది. అక్కడ వెనకబడిన పిల్లవాడికి మూడో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం అక్షరాల గోడలాగే కనిపిస్తుంది.

ప్రణాళికలు రాసినవాళ్లకు ఈ బాధ తెలియదని అనలేం. 1993లోనే యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువు కావాలంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీని వదిలి పిల్లల అనుభవం నుంచి పాఠం మొదలుపెట్టమంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం, ఆ వెనకే కొత్త పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు బొమ్మలతో, సంభాషణతో, ఆలోచింపజేసే ప్రశ్నలతో నిజంగానే మంచి మార్పు తెచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలనీ, అంకెలతో పని చేయగలగాలనీ, 2026-27 నాటికి ఇది సాధించాలనీ లక్ష్యం పెట్టింది. తెలంగాణ 2022లో ‘తొలిమెట్టు’ పేరుతో ఈ పనిని చేపట్టింది. దిశ సరైనదే. ఒక్కో పథకం తనవంతు శిక్షణలు, రికార్డులు, పరీక్షలను కూడా వెంట తెస్తుంది. అవి ఆ 96 నిమిషాల్లోంచే తీసుకుంటాయి.

భాష సంగతీ ఇందులో భాగమే. ఇంగ్లిషు మాధ్యమంతో పాటు ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉండే ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఇంగ్లిషు కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనది. కానీ పిల్లకు రాని భాషలో గణితం చెబితే టీచరు ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చెప్పాలి, 24 నిమిషాలు 12 అవుతాయి. ఆదివాసీ గూడేల్లో ఈ కష్టం ఎప్పటినుంచో ఉంది. అక్కడ తెలుగే పరాయి భాష. ఉమ్మడి రాష్ట్రం 2004లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ దిశలో వేసిన మంచి అడుగు. అది నిలకడగా విస్తరించి ఉంటే ఇవాళ మన దగ్గర విలువైన అనుభవం పోగై ఉండేది.

ప్రయత్నాలు, ఫలితాలు

రోజును మార్చిచూసిన ప్రయత్నాలు మన నేల మీదే జరిగాయి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాలు చేయించడం, చేస్తూ నేర్వడం, వ్యక్తిగత-జట్టు-తరగతి పనులు కలపడం, వ్యక్తిగత భేదాలు గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించి తరగతిని ఆకర్షణీయంగా ఉంచడం అనే ఆరు సూత్రాలు చెప్పింది. టీచర్లు కలిసి మాట్లాడుకునే ఉపాధ్యాయ కేంద్రాలు తెచ్చింది. నేటి బోధనాభ్యసన భాష చాలావరకు అక్కడిదే. కృత్యానికి ముందుగా సిద్ధం కావాలి, సామగ్రి కావాలి, వేర్వేరు తరగతులను ఒకేసారి నడిపే ఏర్పాటు కావాలి. అవి లేనిచోట సూత్రాలు గోడపత్రికల్లో మిగిలాయి.

ఆ లోటును నేరుగా పట్టుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న ఏకోపాధ్యాయ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒక పద్ధతిని రూపొందించారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ కార్డులు తయారుచేశారు. గోడ మీది అభ్యసన నిచ్చెన చూసి తానెక్కడున్నాడో పిల్లవాడే తెలుసుకుంటాడు, గుర్తును బట్టి కార్డు తెచ్చుకుంటాడు. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేస్తాడు. వారం బడికి రాకపోతే ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. టీచరు తన సమయాన్ని అవసరమున్న జట్టుకే ఇస్తాడు. కర్ణాటకలో హెగ్గడదేవనకోటలో మొదలైన ‘నలి కలి’, తమిళనాడులోని కృత్యాధార బోధన రెండూ ఈ మూలం నుంచే పెరిగాయి. కొలంబియాలో 1970ల నుంచి విస్తరించిన ఎస్క్వేలా న్యూవా కూడా పల్లె బడులకు ఇదే తీరు జవాబు చెప్పింది. ‘రైలుబడి’ పుస్తకం చదివిన తెలుగు పాఠకులకు రోజు పనిలో ఏది ముందు చేయాలో పిల్లలే ఎంచుకునే జపాను తొమోయె బడి గుర్తుండే ఉంటుంది. ఆ స్వేచ్ఛ పేద పల్లె బడిలోనూ సాధ్యమేనని రిషివ్యాలీ నిరూపించింది. కార్డులను యాంత్రికంగా నింపించేసే ప్రమాదం ఇందులోనూ ఉంది. టీచరుకు పద్ధతి మీద పట్టు, నమ్మకం లేకపోతే ఇది కూడా చూచిరాతలోకే జారుతుంది.

సమయం గురించి గట్టి ఆధారం కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ బడుల్లో లాటరీ పద్ధతిన కొందరు పిల్లలకు ప్రైవేటు బడికి వెళ్లే వోచర్లిచ్చి నాలుగేళ్లు పరిశీలించారు. తెలుగు, గణితం, ఇంగ్లిషు, పరిసరాల విజ్ఞానంలో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా కనిపించలేదు. అయితే ప్రైవేటు బడులు తెలుగుకు 40 శాతం, గణితానికి 32 శాతం తక్కువ సమయం కేటాయించి, మిగిలినదాన్ని ఇంగ్లిషు, హిందీ, ఇతర పాఠాలకు వాడాయి. హిందీలో ఆ పిల్లలు బాగా ముందున్నారు. గంటలు కేటాయించడం ఒక్కటే చాలదనీ, ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నది కూడా చూడాలనీ దీన్నుంచి గ్రహించాలి. ప్రభుత్వ బడి టైం టేబుల్‌లో తెలుగు, గణితాలకు సమయం ఎక్కువే ఉంది, అది పిల్లల స్థాయికి తగ్గట్టు ఖర్చు కావడం లేదు.

స్థాయికి తగ్గ బోధనపై ప్రథమ్ సంస్థ, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితరుల పరిశోధనలు ఇక్కడే అక్కరకొస్తాయి. హర్యానాలో రోజుకు ఒక గంట తరగతి గోడలు పక్కనపెట్టి, పిల్లలను వారికి వచ్చినదాన్ని బట్టి జట్లు చేసి ప్రభుత్వ టీచర్లతోనే నేర్పిస్తే భాషలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. కొత్త భవనమూ, కొత్త పుస్తకమూ అక్కర్లేకుండా జరిగిన మార్పు ఇది.

మరో దారి బడులను కలపడం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117 నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు పంపింది. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది ఉద్దేశం. కానీ ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి పక్క ఊరికి నడవాల్సి రావడం, ఊళ్లో ఒకటి, రెండు తరగతులు మాత్రమే మిగలడం తల్లిదండ్రులను బాధించాయి. 2025లో ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల వైపు ప్రభుత్వం మళ్లింది. తరగతికో టీచరు అన్న సూత్రం మంచిది. ఆ సూత్రం అందని చిన్న బడులను ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు.

ఏం చేయాలి

ఒకటి, ప్రార్థన నుంచి భోజనం గంట దాకా బోధన తప్ప మరే పనీ ఉండకూడదు. యాప్‌లు, ఫోన్లు, సమావేశాలు, తనిఖీ అధికారుల రికార్డుల పరిశీలన అన్నీ మధ్యాహ్నం తర్వాతే. దీనికి డబ్బు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. రెండోది: మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలకు రోజుకు కనీసం ఒక గంట భాష, ఒక గంట గణితం స్థాయి జట్లలో జరగాలి.

మూడు, చిన్న బడుల కోసమే రాసిన ప్రణాళిక కావాలి. పరిసరాల విజ్ఞానాన్ని మూడు, నాలుగు తరగతులకు కలిపి, ఒక ఏడాది ఒక సగం, మరో ఏడాది రెండో సగం చెప్పే చక్రంలో పెట్టవచ్చు. నీరు, పంటలు, చెరువు, సంత గురించి ఎనిమిదేళ్ల పిల్లా తొమ్మిదేళ్ల పిల్లా కలిసి నేర్చుకోలేరా? మిగతా తరగతులు సొంతంగా చేసుకునే పని కూడా పుస్తకంలోనే ఉండాలి. ప్రాథమిక టీచర్ల డీఈఎల్‌ఈడీ శిక్షణలో బహుళ తరగతి బోధన ప్రధానాంశం కావాలి, ఎందుకంటే కొత్తగా డీఎస్సీ రాసి వచ్చిన ఎస్‌జీటీ మొదటి రోజే ఎదుర్కొనేది దాన్నే.

నాలుగు, చట్టం చెప్పిన ఇద్దరు టీచర్లను కనీస సంఖ్యగా చూసి ముగ్గురికి పెంచాలి. సెలవు పెట్టిన టీచరు స్థానంలో వెళ్లడానికి ప్రతి మండలంలో అదనపు టీచర్లుండాలి. భోజనం లెక్కలకు వేరే మనిషి ఉండాలి.

ఈ నాలుగింటిలో మూడోదానికి రెండేళ్లు, నాలుగోదానికి బడ్జెట్టు కావాలి. మొదటి రెండూ వచ్చే జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు. పాఠశాల కమిటీల్లో కూర్చునే తల్లులు సున్నం, బల్లలు, యూనిఫాంల గురించి అడుగుతున్నారు. ఇకనుంచి మా పిల్ల తరగతికి ఈ నెల టీచరు ఎన్ని గంటలు దొరికారని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత టీచరు కంటే ముందు, ఆ టీచరును నియమించాల్సిన, తరగతి గదిలో ఉండనివ్వాల్సిన ప్రభుత్వానిది.